రైఫిల్ స్టాక్: చెక్కదా, సింథటిక్‌దా? మా మామ తుపాకీతో ఏడాది పాటు చేసిన టెస్ట్

ఈ సైట్‌లో నేను ఇప్పటిదాకా ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించే రాశాను. ఈసారి రివ్యూ టేబుల్ మీదకి వచ్చింది మాత్రం మా మేనమామ రైఫిల్. కంగారు పడకండి, ఇది వేట గురించిన ఆర్టికల్ కాదు. మన దేశంలో సరదా వేటకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. నేను చెప్పబోయేది మెటీరియల్ గురించి. ఫోన్ కొనేటప్పుడు గ్లాస్ బ్యాకా, ప్లాస్టిక్ బ్యాకా అని మనం గంటలు గంటలు కొట్లాడుకుంటాం కదా, రైఫిల్ లోకంలో అదే గొడవ చెక్కకీ సింథటిక్‌కీ మధ్య డెబ్బై ఏళ్లుగా నడుస్తోంది. తేడా ఏంటంటే, ఫోన్ విషయంలో తప్పు చేస్తే స్క్రీన్ పగులుతుంది. ఇక్కడ తప్పు చేస్తే ఏమవుతుందో పోయినేడు సెప్టెంబర్‌లో మా ఇంట్లో అందరికీ అర్థమైంది.

అసలు జరిగింది ఇది

మాది పోచంపాడ్, అంటే శ్రీరాంసాగర్ డ్యామ్ పక్కనే. మామ వాళ్లది బోధన్ వైపు, మంజీర ఒడ్డు ఊరు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పండిన చెరకంతా శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌కే పోయేది. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది మక్కకీ, పసుపుకీ, వరికీ మళ్లారు. మామ మాత్రం కొంత చెరకు, కొంత మక్క వేస్తాడు. చెరకు తోటంటే అడవి పందులకి ఏసీ రూమ్ లాంటిది. పగలంతా అందులో పడుకుంటాయి, రాత్రి పక్కనున్న మక్క చేనులోకి దిగి తినేదానికంటే తొక్కేది ఎక్కువ.

మామకి లైసెన్స్ ఉన్న 315 బోర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉంది, మా తాత నుంచి వచ్చింది. చేనులోకి పంది వచ్చిందని ఎవరుపడితే వాళ్లు కాల్చడానికి వీల్లేదు. చట్టంలో సెక్షన్ 11 ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ కారణం చూపించి రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి. అలా ఆర్డర్ వచ్చినప్పుడు ఫారెస్ట్ వాళ్లు పిలిచే షూటర్లలో మామ ఒకడు.

ఆ రాత్రి మంచె మీద నుంచి దాదాపు 60 మీటర్ల దూరంలో పంది నిలబడి ఉంది. మామకది సులువైన షాట్. గుండె దగ్గర తగలాల్సిన తూటా వెనక తొడలో తగిలింది. పంది చెరకులోకి దూరిపోయింది. గాయపడ్డ అడవి పంది చెరకు తోటలో ఉండటం అంటే ఏంటో ఈ బెల్ట్ వాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లారితే ఆకు దూయడానికి ఇరవై మంది ఆడవాళ్లు ఆ తోటలోకి దిగాలి. మామ వాళ్లని రావొద్దని కబురు పంపి, ఫారెస్ట్ స్టాఫ్‌తో కలిసి పొద్దున నాలుగు గంటలు వెతికాడు. దొరికింది, పని అయిపోయింది. కానీ ఆ నాలుగు గంటలూ అత్త వాకిట్లోనే నిలబడి ఉంది.

మామ స్కోప్ పాడైందన్నాడు. బంధువులు ఊరుకుంటారా, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని నవ్వారు. వయసైపోయింది, చెయ్యి వణుకుతోంది అని కూడా అన్నారు. ఆ మాట మామకి గట్టిగానే తగిలింది. నాకు ఫోన్ చేసి, "అల్లుడూ, నువ్వు ఫోన్లను పొట్ట చీల్చి సూస్తవు గదా, దీన్ని గూడ జెర సూడరాదు. కుందా మార్చుమంటున్నరు, ప్లాస్టిక్‌ది ఏసుకుంటె అన్ని సెట్ అయితయంట, నిజమేనా?" అన్నాడు.

కుందా అంటే స్టాక్. మా వైపు పాత తరం ఉర్దూ మాటే వాడతారు. పోలీసోళ్లు బట్ అంటారు, పేపర్లో తుపాకీ మడమ అని రాస్తారు. మడమంటే నిజానికి భుజానికి ఆనే వెనక భాగమే. స్టాక్ అంటే ముందు చెయ్యి పట్టుకునే ఫోరెండ్ దగ్గర నుంచి భుజం దాకా ఉన్న మొత్తం ఒళ్లు. ఈ ఆర్టికల్‌లో స్టాక్ అనే అంటాను.

స్టాక్ అంటే కవర్ కాదు, ఛాసిస్

ఇది ముందు అర్థం చేసుకోవాలి. ఫోన్ బ్యాక్ కవర్ మారిస్తే కెమెరా క్వాలిటీ మారదు. స్టాక్ మారితే, లేదా ఉన్న స్టాకే ఆకారం మారితే, తూటా తగిలే చోటు మారుతుంది.

ఎందుకంటే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో బారెల్, యాక్షన్ కలిపి ఒక లోహపు ముక్క. దాన్ని స్టాక్‌లో తొలిచిన గుంటలో కూర్చోబెట్టి కింద నుంచి రెండు స్క్రూలతో బిగిస్తారు. ఈ కూర్చోబెట్టే పద్ధతిని బెడ్డింగ్ అంటారు. తూటా పేలిన క్షణంలో బారెల్ వీణ తీగలా కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉంటే తూటాలన్నీ ఒకే చోట పడతాయి. ఈ రోజు ఫోరెండ్ బారెల్‌కి ఆనకుండా ఉండి, రేపు ఎడమవైపు ఆనిందనుకోండి, కంపనం మారింది, తగిలే చోటు మారింది. అందుకే ఇప్పటి రైఫిళ్లలో బారెల్‌ని ఎక్కడా ఆనకుండా ఖాళీ వదులుతారు, ఫ్రీ ఫ్లోట్ అంటారు. టెస్ట్ చాలా సింపుల్. ఒక కాగితం మడతపెట్టి బారెల్‌కీ ఫోరెండ్‌కీ మధ్య దూర్చి, యాక్షన్ దాకా జరపండి. ఎక్కడా పట్టకుండా పోవాలి. మా మామ రైఫిల్‌లో కుడివైపు సాఫీగా పోయింది. ఎడమవైపు నాలుగు వేళ్లు లోపలికి వెళ్లగానే ఇరుక్కుపోయింది.

(లైసెన్స్ నాకు లేదు, మామకే ఉంది. కాబట్టి ఖాళీ చేసిన రైఫిల్‌ని ఆయన పట్టుకున్నాడు, నేను కాగితం పట్టుకున్నాను.)

చెక్క ఎందుకు కదులుతుంది

చెక్క చచ్చిపోయాక కూడా నీళ్లు తాగుతుంది. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి కుంచించుకుపోతుంది. నారల వెంబడి, అంటే పొడవులో, ఈ మార్పు దాదాపు లేనట్టే. అడ్డంగానే అసలు ఆట. రైఫిల్ స్టాక్‌లకి ప్రపంచమంతా ఇష్టపడే అక్రోటు కలప, అదే వాల్‌నట్, పచ్చి నుంచి పూర్తిగా ఎండే లోపు అడ్డంగా 7 నుంచి 8 శాతం దాకా కుంచించుకుంటుంది. లెక్క వేస్తే చెక్కలో తేమ ఒక్క శాతం మారితే అడ్డం కొలత పావు శాతం మారుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. నేను మామ రైఫిల్ పెట్టే ఇనుప బీరువాలో ఒక బ్లూటూత్ హైగ్రోమీటర్ పెట్టాను. మే నెల మధ్యాహ్నాలు అది 20ల్లో తేమ శాతం చూపించింది. ఆగస్టులో వారాల తరబడి 80 దిగలేదు. మన జిల్లాలో మే అంటే 45 డిగ్రీలు మామూలే, ఆ తర్వాత నెల తిరగ్గానే వాన. ఈ ఊగిసలాటలో చెక్క తేమ 6 శాతం మారిందనుకుందాం. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫోరెండ్‌లో అది 0.6 మిల్లీమీటర్ల మార్పు. ఫోన్ ప్రపంచంలో 0.6 మిల్లీమీటర్లంటే బ్యాటరీ ఉబ్బి బ్యాక్ ప్యానెల్ లేచిందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తే సైజు.

అన్ని వైపులా సమంగా ఉబ్బితే అంత నష్టం లేదు. సమంగా ఉబ్బదు, అదే సమస్య. మామ స్టాక్‌కి ఎడమవైపు, చెయ్యి పట్టుకునే చోట, పాలిష్ ఎప్పుడో అరిగిపోయింది. కుడివైపు బాగానే ఉంది. ఎడమవైపు నీళ్లు తాగింది, కుడివైపు తాగలేదు, ఫోరెండ్ వంకర తిరిగింది. బారెల్‌కి ఆనింది.

రెండో సమస్య నేను ఊహించనిది. హైదరాబాద్‌లో లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు కాగితం కాదు, స్క్రూడ్రైవర్ తీశాడు. ముందు స్క్రూ దాదాపు అర చుట్టు తిరిగింది. "సాబ్, ప్రతి ఏడు వానల్లో ఇది టైట్ అయితది, ఎండల్లో లూజ్ అయితది. లూజ్ అయినప్పుడల్లా మీరు బిగించిన్రు. మళ్ల వానకి ఉబ్బినప్పుడు చెక్క పోయేదానికి జాగ లేక నలిగింది" అన్నాడు. అంటే ఏళ్ల తరబడి రెండు లోహపు ముక్కల మధ్య చెక్క నారలు అలా నలుగుతూ పలచబడ్డాయి. యాక్షన్ తన గుంటలో కొద్దిగా కదులుతోంది. తాతల నాటి చెక్కలో ఇది కంటికి కనపడే లోపం కాదు, పైకి స్టాక్ అద్దంలా మెరుస్తూ ఉంటుంది.

మూడోది నూనె. రైఫిల్ శుభ్రం చేశాక బారెల్ పైకి పెట్టి గోడకి ఆనిస్తారు. లోహం మీది గన్ ఆయిల్ మెల్లగా కిందికి జారి, యాక్షన్ తోక ఆనే చోట చెక్కలోకి ఇంకుతుంది. ఏళ్లు గడిస్తే అక్కడ చెక్క నల్లబడి, మెత్తబడి, చివరికి పగులుతుంది. కొన్ని రోజులైనా మూతి కిందికి పెట్టి ఉంచితే ఈ బాధ లేదు. ఎంత తేలిక పనో చూడండి, ఎవరూ చెప్పరు.

చెక్క పగలడం అనేది మన వాతావరణానికి పాత శత్రువు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు గమనించారా? ఒకప్పుడు మన పోలీస్ స్టేషన్లలో కానిస్టేబుళ్ల భుజాన ఉండేవి అవే. వాటిలో చాలావాటికి ఫోరెండ్‌లో అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో చేసిన అదే రైఫిల్‌కి అది ఉండదు. చెక్క చీలకుండా ఇక్కడ కలిపిన అదనపు భాగం అది. పాత తుపాకులు సేకరించేవాళ్లు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. హార్డ్‌వేర్ రివిజన్ అంటే అదీ.

మరి సింథటిక్ అంటే ఏ సింథటిక్?

"సింథటిక్" అనే మాట ఫోన్ల మీద "ప్రీమియం బిల్డ్" అని రాసినట్టే, అందులో ఏమైనా ఉండొచ్చు. ఒక చివర అచ్చులో పోసిన నైలాన్ స్టాక్, గాజు నారలు కలిపింది. మధ్యలో చేత్తో పొరలు పేర్చిన ఫైబర్‌గ్లాస్. పై చివర కార్బన్ ఫైబర్. ఇవి మూడూ ఒకటే అనుకుంటే పాలికార్బొనేట్‌నీ టైటానియంనీ ఒకటే అన్నట్టు.

నైలాన్ చరిత్ర 1959లో మొదలైందని చెప్పుకోవచ్చు. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ ఆ ఏడాది నైలాన్ 66 అనే చిన్న రైఫిల్ తెచ్చింది. డ్యూపాంట్ తయారుచేసిన నైలాన్‌తో స్టాక్. జనం మొదట ప్లాస్టిక్ బొమ్మ అనుకున్నారు, తర్వాత లక్షల్లో కొన్నారు. మన సైన్యం కూడా చెక్క స్టాక్ ఉన్న ఎస్ఎల్ఆర్ నుంచి పాలిమర్ వాడిన ఇన్సాస్‌కి మారింది.

నైలాన్ స్టాక్ అచ్చులో నిమిషాల్లో వస్తుంది కాబట్టి చవక. గాజు కలిపిన నైలాన్ చెక్క కంటే రెట్టింపు బరువైన పదార్థం, అందుకే లోపల బోలుగా చేసి పక్కటెముకలు పెడతారు. చేత్తో తడితే డబ్బా మోత వస్తుంది. చెరకు ఆకు రాసుకున్నా ఆ మోత రాత్రి నిశ్శబ్దంలో బాగానే వినిపిస్తుంది. ఇంకో ఇబ్బంది, ఫోరెండ్ మెత్తగా వంగుతుంది. షాపులో మీరే చూడొచ్చు, బారెల్‌నీ ఫోరెండ్‌నీ కలిపి గట్టిగా నొక్కండి. చవక స్టాక్ అయితే రెండూ తగులుకుంటాయి. బైపాడ్ మీదో, మంచె కర్ర మీదో ఆనించి కాల్చేటప్పుడు మన బరువుకి అదే జరుగుతుంది. అంటే చెక్క వానకి చేసిన పని ఈ ప్లాస్టిక్ మన బరువుకి చేస్తుందన్నమాట.

ఇంకో చిన్న ట్విస్ట్ చెప్పనా? నైలాన్ కూడా నీళ్లు తాగుతుంది! మామూలు గాలిలో దాదాపు రెండున్నర శాతం, నీళ్లలో నానబెడితే 9 శాతం దాకా. గాజు నారలు కలిస్తే ఈ లెక్క తగ్గుతుంది. చెక్కలా వంకర పోదు, కానీ తేమకి కొంచెం మెత్తబడుతుంది. "సింథటిక్‌కి తేమ అంటదు" అని సేల్స్‌మన్ చెప్తే నవ్వి ఊరుకోండి.

ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ వేరే క్లాస్. గట్టిగా ఉంటాయి, వంగవు, తేమని పట్టించుకోవు. మామ చెక్క స్టాక్‌ని అత్త వంటింటి తూకం మీద పెడితే కేజీ మీద 40 గ్రాములు తూగింది. మంచి కార్బన్ స్టాక్ 700 గ్రాముల లోపే ఉంటుంది. కొండలెక్కి తిరిగే వాళ్లకి అది వరం. మంచె మీద కూర్చునే మామకి ఆ 300 గ్రాములు తగ్గితే లాభం లేదు, పైగా నష్టం. రైఫిల్ ఎంత తేలికైతే భుజానికి తన్ను అంత గట్టిగా తగులుతుంది, న్యూటన్ గారు ఇక్కడ డిస్కౌంట్ ఇవ్వరు.

ఇక ఎండ. నల్లటి ప్లాస్టిక్‌ని మే నెలలో జీపు సీటు మీద గంటసేపు వదిలి, తర్వాత చెంప ఆనించి చూడండి. చెక్క వేడిని చెంపకి అంత త్వరగా చేర్చదు. చలికాలంలో తెల్లవారుజామున కూడా అంతే, చల్లగా కొరకదు. ఇది స్పెక్ షీట్‌లో ఉండదు. 2013లో మోటో ఎక్స్‌కి వెదురు బ్యాక్ వచ్చినప్పుడు, తర్వాత వన్‌ప్లస్ వెదురు కవర్ తెచ్చినప్పుడు జనం ఎందుకు ఎగబడ్డారో గుర్తుందా? చేతిలో ఆ ఫీల్ కోసమే కదా.

చెదల గురించి కూడా ఒక్క మాట. ప్లాస్టిక్‌ని చెదలు తినవు. మా ఊళ్లో ఒకాయన నాటు మజిల్ లోడర్‌కి ఊరి వడ్లాయన చేసిచ్చిన టేకు స్టాక్ ఉండేది. టేకు కదలిక తక్కువ, చెదలు కూడా త్వరగా ముట్టవు, ఆదిలాబాద్ టేకు గురించి మనకి చెప్పేదేముంది. కానీ టేకు నారల వెంట చీలే గుణం ఉన్న కలప. గుండు దెబ్బకి మెడ దగ్గర నిలువునా చీలింది, రాగి తీగ చుట్టి వాడేవాడు. పక్కనే ఉన్న నిర్మల్ బొమ్మల పొనికి కర్ర అయితే ఇంకా మెత్తన, అది బొమ్మలకే.

మధ్యలో ఒక మూడో దారి

పలచటి చెక్క పొరలని జిగురుతో అతికించి, ఒత్తిడితో దిమ్మ చేసి, దాన్నుంచి స్టాక్ చెక్కుతారు. లామినేట్ అంటారు. ఒక పొర అటు వంగాలని చూస్తే పక్క పొర ఇటు లాగుతుంది, జిగురు తేమని ఆపుతుంది. జర్మన్లు 1930ల చివర్లోనే సైనిక రైఫిళ్లకి ఇది వాడారు. చెక్క ఫీల్, ప్లాస్టిక్‌కి దగ్గరగా నిలకడ. బరువు మాత్రం మామూలు చెక్క కంటే ఎక్కువ. నాకైతే ఛాయిస్ ఉంటే ఇదే తీసుకునేవాణ్ని.

మేము ఏం చేశాం

నేను మొదట గట్టిగా సింథటిక్ టీమ్. మామకి కార్బన్ స్టాక్ ఫొటోలు పంపి ఊరించాను కూడా. ఆచరణలో అడ్డొచ్చింది చిన్న విషయం. బయట దొరికే స్టాకులు యాక్షన్ ఆకారాన్ని బట్టి తయారవుతాయి. రెమింగ్టన్ 700 ఆకారానికి వందల రకాలు ఉన్నాయి, ఐఫోన్‌కి కవర్లు ఉన్నట్టు. మన 315 బోర్‌ది పాత ఆస్ట్రియన్ 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా నుంచి పుట్టిన కుటుంబం, మన దేశం బయట దాదాపు ఎవరూ వాడరు. మేము తిరిగిన షాపుల్లో మామ రైఫిల్‌కి సరిగ్గా కూర్చునే సింథటిక్ ఒక్కటీ కనపడలేదు. ఒకచోట "గీకి సెట్ చేస్తం" అన్నారు. గీకి సెట్ చేసిన బెడ్డింగ్ కంటే తాత చెక్కే నయం.

ఇంకో మాట, ఇది జోక్ కాదు. ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేర్ చేయాలన్నా, మార్చాలన్నా లైసెన్స్ ఉండాలి. యూట్యూబ్ చూసి ఇంట్లో స్టాక్ మార్చేద్దాం అనుకోవడానికి ఇది పీసీ క్యాబినెట్ కాదు. లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లండి, రసీదు దాచుకోండి.

గన్‌స్మిత్ పాత స్టాక్‌నే బాగు చేశాడు. స్క్రూలు పోయే రంధ్రాల్లో చిన్న అల్యూమినియం గొట్టాలు దించాడు, వీటిని పిల్లర్లు అంటారు. ఇప్పుడు స్క్రూ బిగిస్తే లోహం లోహానికి ఆనుతుంది, చెక్క ఉబ్బినా కుంచించినా బిగింపు మారదు. యాక్షన్ కూర్చునే గుంటలో ఎపాక్సీ పోసి, యాక్షన్ అచ్చునే అందులో దింపాడు. ఫోరెండ్ గాడిని కొంచెం వెడల్పు చేశాడు. అన్నిటికంటే ముఖ్యంగా లోపలి వైపు కూడా సీల్ చేశాడు. చాలామంది స్టాక్ బయట మెరిసేలా పాలిష్ పెట్టి లోపల పచ్చి చెక్క వదిలేస్తారు. భుజం దగ్గర రబ్బర్ ప్యాడ్ విప్పి చూడండి, అక్కడ నారల కొనలు తెరుచుకుని ఉంటాయి. స్ట్రా మూతుల్లా అవే తేమని ఎక్కువ పీలుస్తాయి.

మామ అవిసె నూనె పెట్టమన్నాడు, తాత అదే పెట్టేవాడట. అందంలో దానికి సాటి లేదు, తేమని ఆపడంలో మాత్రం వీక్. లోపల పాలియురెథేన్, బయట మామ మాట కాదనలేక అవిసె నూనె, అలా రాజీ కుదిరింది. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి.

ఖర్చు ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ధరలో సగం అయింది. తర్వాత జనవరిలో ఒకసారి, మళ్లీ నిండు ఆగస్టులో ఒకసారి, హైదరాబాద్‌లోని రేంజ్‌కి వెళ్లి మామ అవే తూటాలతో కాల్చాడు. రెండు టార్గెట్ కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుని చూశాం. వంద మీటర్ల దగ్గర గుంపు జరిగింది రెండు వేళ్ల వెడల్పు లోపే. చెయ్యి వణకడం అన్నవాళ్లకి ఆ కాగితాలు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఏమీ రాయలేదు, ఫొటో మాత్రమే.

మీలో చాలామందికి పనికొచ్చే భాగం

మీకు రైఫిల్ ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. కానీ ఎయిర్ రైఫిల్ గురించి చాలామంది అడుగుతున్నారు. 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవి లైసెన్స్ లేకుండా కొనొచ్చు. ఇక్కడ చెక్క, సింథటిక్ రెండు వేరియంట్లూ దొరుకుతాయి.

స్ప్రింగ్‌తో నడిచేది కొంటుంటే నా ఓటు చెక్కకే. స్ప్రింగ్ ముందుకి దూకి ఆగేటప్పుడు రైఫిల్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా తన్నుతుంది, బోలు ప్లాస్టిక్‌లో ఆ స్ప్రింగ్ మోత గిటార్ డబ్బాలోలా పెరుగుతుంది. ఇప్పటికే ప్లాస్టిక్‌ది కొన్నవాళ్లు వెనక భాగంలో ఫోమ్ నింపుతారు, చాలా వరకు మోత తగ్గుతుంది. ఏ స్టాక్ అయినా స్క్రూలు మాత్రం వదులవుతూనే ఉంటాయి, రెండు మూడు వందల పెల్లెట్లకి ఒకసారి చూసుకోండి. గాలి సిలిండర్‌తో నడిచే పీసీపీ అయితే తన్ను లేదు, అక్కడ మంచి సింథటిక్ హాయిగా నడుస్తుంది.

పోటీల కోసం అయితే ఈ గొడవే వేరు. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఈవెంట్‌లో పది పాయింట్ల చుక్క సైజు అర మిల్లీమీటర్. రైఫిల్ బరువు 5.5 కేజీలు దాటకూడదు. ఆ స్థాయిలో స్టాకులు అల్యూమినియంలో ఎక్కువ, చెక్కవీ ఉన్నాయి. అక్కడ మెటీరియల్ కంటే చెంప ఎత్తు, భుజం దూరం మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోగలగడమే పెద్ద ఫీచర్. మా చిన్న చెల్లెలు నేర్చుకుంటోంది. దాని చేతికి పెద్దవాళ్ల చెక్క స్టాక్ ఇస్తే మెడ నొప్పి అని మానేసేది, అడ్జస్టబుల్ ఇచ్చాక మానలేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు కదా అని మా పోచంపాడ్ బ్యాక్ వాటర్ ఒడ్డున కొంగల మీద గురి చూసే పోరగాళ్లని నేను చూశాను. పెల్లెట్‌తో కొట్టినా చట్టం దృష్టిలో అది వేటే, అదే 1972 చట్టం. అట్ట డబ్బా మీద కాగితం అతికించి, వెనక మట్టి గోడ చూసుకుని కాల్చుకోండి.

రైఫిల్ ఉన్న రైతులు, షూటర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ యాక్షన్‌కి సరిపడే ఫైబర్‌గ్లాస్ స్టాక్ దొరికి, డబ్బు ఉంటే తీసుకోండి, మన ఎండావానలకి అదే నిశ్చింత. చవక నైలాన్ మాత్రం ఫోరెండ్ నొక్కి చూడకుండా కొనకండి. తాతల చెక్క ఉంటే పారేయొద్దు, పిల్లర్లు వేయించి, లోపల సీల్ చేయించి, ప్రతి వానాకాలం ముందూ తర్వాతా కాగితం టెస్ట్ చేసి, రేంజ్‌లో జీరో చూసుకోండి. ఆ చూసుకోవడం సింథటిక్‌కీ తప్పదు.

బీరువాలో హైగ్రోమీటర్ ఇంకా అక్కడే ఉంది. మొన్న మామ ఫోన్ చేసి, "అల్లుడూ, నీ మిషన్ సప్పుడు జేస్తలేదు, సచ్చిందా?" అని అడిగాడు. బ్యాటరీ అయిపోయింది, సీఆర్ 2032 వేయాలి. ఈ ఆదివారం వెళ్తున్నాను.